గేర్‌బాక్స్ షాఫ్టులు, బేరింగులు: బలం కన్నా ముందు దృఢత్వం

సభకు నమస్కారం.

గేర్‌బాక్స్ రూపకల్పన అనగానే మన దృష్టి ముందుగా గేర్ల మీదికి, వాటి పళ్ల నిష్పత్తుల మీదికి పోతుంది. ఆ పళ్లు సరిగా కలిసి నడవాలంటే వాటిని మోసే షాఫ్టులు, ఆ షాఫ్టులను పట్టి ఉంచే బేరింగులు, ఆ బేరింగులు కూర్చునే హౌసింగు ఎలా ప్రవర్తిస్తున్నాయన్నదే అసలు ప్రశ్న. ఈ రోజు దాని గురించే మాట్లాడతాను.

షాఫ్టు మీద పడే భారం ఎంతో ఒక చిన్న లెక్కతో చూద్దాం. 150 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇచ్చే ఇంజన్‌కు, మొదటి జత గేర్ల నిష్పత్తి 1.5 అయితే, కౌంటర్ షాఫ్టు (ఇంజన్ వైపు నుంచి టార్కును అందుకుని మిగతా గేర్లకు చేరవేసే పక్క షాఫ్టు) 225 న్యూటన్ మీటర్ల టార్కును మోస్తుంది. దాని మీద ఉన్న ఫస్ట్ గేర్ పినియన్ (జతలోని చిన్న గేరు) పిచ్ వ్యాసం (పళ్లు కలిసే వృత్తం వ్యాసం) 36 మిల్లీమీటర్లనుకుంటే, పంటి మీద స్పర్శరేఖ దిశలో పడే బలం 12,500 న్యూటన్లు. పీడన కోణం (పన్ను పన్నును నెట్టే దిశ స్పర్శరేఖతో చేసే కోణం) 20 డిగ్రీలు, హెలిక్స్ కోణం (పళ్లు షాఫ్టు దిశకు ఏటవాలుగా ఉండే కోణం) కూడా 20 డిగ్రీలు అయితే, గేర్లను ఒకదాని నుంచి మరొకదాన్ని దూరంగా నెట్టే బలం మరో 4,800 న్యూటన్ల దాకా ఉంటుంది. ఈ రెండింటి ఫలితబలం సుమారు 13,400 న్యూటన్లు. అంటే 1,300 కిలోలకు పైబడిన బరువు ఆ సన్నని షాఫ్టును పక్కకు వంచుతోందన్నమాట. దీనికి తోడు, షాఫ్టు పొడవునా నెట్టే అక్షీయ బలం 4,500 న్యూటన్ల పైచిలుకు.

ఇంత భారానికి షాఫ్టు విరుగుతుందా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. తిరిగే షాఫ్టులో ప్రతి భ్రమణానికీ ఉపరితలం ఒకసారి సాగి ఒకసారి నొక్కుకుపోతుంది కనుక ఫెటీగ్ (పదే పదే పడే భారంతో లోహం అలసి పగలడం) లెక్క తప్పనిసరి. 19వ శతాబ్దంలో రైల్వే ఇరుసుల మీద జర్మన్ ఇంజనీరు ఆగస్ట్ వోలర్ చేసిన పరీక్షల నాటి నుంచి ఇది తెలిసిన విషయమే. షాఫ్టు వ్యాసం మారే మెట్టు దగ్గర వంపు వ్యాసార్థం, సర్క్లిప్ (భాగాలు జారకుండా ఆపే రింగు) గాడి, నూనె రంధ్రం, స్ప్లైన్ (షాఫ్టు పొడవునా చెక్కిన పళ్లు) చివర, ఈ నాలుగు చోట్లను జాగ్రత్తగా చూసుకుంటే ఆ గండం చాలావరకు గడిచినట్టే. అయితే షాఫ్టు విరగనంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. అది ఎంత వంగుతోందన్నది అంతకంటే కఠినమైన షరతు, చాలా గేర్‌బాక్సుల్లో షాఫ్టు వ్యాసాన్ని నిర్ణయించేది కూడా అదే.

ఎందుకంటే, పంటి వెడల్పు 20 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు షాఫ్టు ఆ చోట కేవలం 1 మిల్లీరేడియన్ (మీటరుకు ఒక మిల్లీమీటరు వాలు) వాలితే, పంటి ఒక అంచుకూ రెండో అంచుకూ మధ్య 20 మైక్రాన్ల తేడా వస్తుంది. భారం కింద పన్ను తనకు తానుగా వంగేదే కొన్ని మైక్రాన్ల నుంచి ఒకటి రెండు పదుల మైక్రాన్ల లోపు. కాబట్టి ఆ వాలుతో భారమంతా పంటి ఒక చివరకు చేరి, అక్కడ గుంటలు పడటం మొదలవుతుంది. అంతే వాలు బేరింగు దగ్గర ఏర్పడితే అది సుమారు మూడున్నర కోణీయ నిమిషాలు; మామూలు సిలిండ్రికల్ రోలర్ బేరింగుల సహన పరిధి కూడా దాదాపు అక్కడికే ముగుస్తుంది.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. షాఫ్టు ఎక్కువగా వంగుతోందని తెలియగానే ఇంకా మేలైన ఉక్కు వాడదామంటారు. మిశ్రమం మార్చినా, ఉపరితలాన్ని కార్బురైజ్ చేసి (కార్బన్ ఎక్కించి) 60 రాక్‌వెల్ సి దాకా గట్టిపరచినా, ఉక్కు సాగుడు గుణకం (సాగడాన్ని ఎంతగా నిరోధిస్తుందో చెప్పే కొలత) సుమారు 206 గిగాపాస్కల్స్ దగ్గరే ఉంటుంది. బలం పెరుగుతుంది గానీ వంపు తగ్గదు. వంపును తగ్గించేది ఆకారమే. వ్యాసం 10 శాతం పెంచితే దృఢత్వం 46 శాతం పెరుగుతుంది, ఎందుకంటే అది వ్యాసం నాలుగో ఘాతం మీద ఆధారపడుతుంది. బేరింగుల మధ్య దూరం 20 శాతం తగ్గిస్తే, నడుమ పడే భారానికి వంపు దాదాపు సగమవుతుంది. అత్యధిక భారం మోసే ఫస్ట్, రివర్స్ గేర్లను సాధారణంగా బేరింగు గోడ పక్కనే పెట్టడానికి కారణం ఇదే.

అక్షీయ బలాల విషయానికి వస్తే, కౌంటర్ షాఫ్టు మీది రెండు హెలికల్ గేర్లకూ హెలిక్స్‌ను ఒకే చేతి వాటంగా (ఒకే వైపు మెలితిరిగేలా) ఇస్తే, ఒకటి నడపబడేది, రెండోది నడిపేది కనుక వాటి అక్షీయ బలాలు ఎదురెదురవుతాయి. హెలిక్స్ కోణాల టాంజెంట్లు పిచ్ వ్యాసార్థాలకు అనులోమంగా ఉంటే అవి పూర్తిగా రద్దవుతాయి. కాగితం మీద ఎంతో అందంగా కనిపించే ఈ షరతును అన్ని గేర్లకూ పాటించబోతే పెద్ద గేర్ల కోణం మితిమీరుతుంది. అందువల్ల కొంత మిగులు బలాన్ని బేరింగుకు వదిలేయడమే మేలని నా అభిప్రాయం. పైగా బలాలు రద్దయినా, అవి షాఫ్టు మధ్యరేఖకు దూరంగా పిచ్ వ్యాసార్థం దగ్గర పనిచేస్తాయి గనుక, షాఫ్టును వంచే భ్రామకాలు (తిప్పే ప్రభావాలు) అలాగే మిగులుతాయి.

బేరింగు ఆయుష్షుకు 1947లో స్వీడన్ పరిశోధకులు లుండ్‌బర్గ్, పామ్‌గ్రెన్ ఇచ్చిన సిద్ధాంతమే నేటికీ ఆధారం. బాల్ బేరింగులో ఆయుష్షు భారం మూడో ఘాతానికి విలోమంగా ఉంటుంది. భారం రెట్టింపైతే ఆయుష్షు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఫస్ట్ గేరును వాడేది కొద్దిసేపే కదా అని దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఆ గేరులో బేరింగు మీది భారం టాప్ గేరు కంటే మూడు రెట్లయితే, ఒక్కో భ్రమణానికి కలిగే నష్టం 27 రెట్లు. మొత్తం భ్రమణాల్లో 4 శాతమే ఫస్ట్ గేరులో జరిగినా, బేరింగు అరుగుదలలో సగానికి పైగా దాని వాటానే అవుతుంది.

లెక్కల్లో చాలాసార్లు గట్టి గోడగా భావించి వదిలేసే భాగం హౌసింగు. అల్యూమినియం హౌసింగు ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. బేరింగుల మధ్య 200 మిల్లీమీటర్ల దూరం ఉండి, ఉష్ణోగ్రత 80 డిగ్రీలు పెరిగితే, షాఫ్టుకూ హౌసింగుకూ మధ్య సుమారు 0.18 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. రెండు చివరలా టేపర్ రోలర్ బేరింగులను (శంఖువు ఆకారపు రోలర్లున్నవి) పెట్టి, వాటి బయటి కప్పులను హౌసింగు గోడలకు ఆనిస్తే, చల్లగా ఉన్నప్పుడు ఇచ్చిన ప్రీలోడ్ (ముందస్తు బిగింపు) వేడిలో కరిగిపోయి షాఫ్టు ముందుకూ వెనక్కూ ఆడుతుంది. పోనీ అని చల్లటి స్థితిలోనే మరీ బిగించేస్తే, చలిలో బండి కదిలినప్పుడు బేరింగు అనవసర భారం మోస్తుంది. ఒక చివర అక్షీయ బలాన్ని పట్టే బేరింగు, రెండో చివర స్వేచ్ఛగా జరిగే రోలర్ బేరింగు పెట్టే అమరిక ఈ చిక్కును తప్పిస్తుంది.

విద్యుత్ వాహనాల్లో గేర్ల సంఖ్య తగ్గింది గానీ షరతులు బిగుసుకున్నాయి. మోటారు నిమిషానికి 15,000 భ్రమణాలు దాటి తిరుగుతున్నప్పుడు, ఇంజన్ చప్పుడు కప్పిపుచ్చే అవకాశం లేనందువల్ల, పళ్ల స్పర్శలో కొద్ది మైక్రాన్ల తేడా కూడా సన్నని ఈలగా లోపలి వారికి వినిపిస్తుంది. షాఫ్టు వంపును ముందే ఊహించి పంటి ఉపరితలాన్ని ఆ మేరకు సరిచేసి అరగదీస్తారు. ఆ సవరణ ఒక నిర్దిష్టమైన టార్కు దగ్గరే పూర్తిగా పనిచేస్తుంది. షాఫ్టు, బేరింగు, హౌసింగు కలిసి ఎంత దృఢంగా ఉంటే వంపు అంత స్వల్పంగా మారుతుంది కాబట్టి, ఆ సవరణ అంత విస్తృతమైన టార్క్ పరిధిలో పనికొస్తుంది.