కుట్టే చోట కాదు, పుట్టే చోట

శ్రోతలకు నమస్కారం.

వానలు పడ్డాయంటే చాలు, ఎవరిని కదిపినా దోమల గోలే. మున్సిపాలిటీ వాళ్లు పొగ కొట్టడం లేదని ఒకరు, కాయిల్ పనిచేయడం లేదని ఒకరు, బ్యాట్ చార్జింగ్ నిలవడం లేదని ఇంకొకరు. ఇదంతా ఎగిరే దోమ మీద యుద్ధం. రెక్కలొచ్చాక దాన్ని పట్టుకోవడం కష్టం, పైగా ఖర్చు. పది రోజుల ముందు అదే దోమ మన పెరట్లో ఏ డబ్బా నీళ్లలోనో లార్వాగా, అంటే రెక్కలు రాని పిల్లపురుగుగా ఉంది. ఎటూ పోలేదు. అప్పుడైతే డబ్బా బోర్లిస్తే సరిపోయేది.

దోమకీ మలేరియా జ్వరానికీ ఉన్న లంకె బయటపడింది మన గడ్డ మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపును కోసి, అందులో మలేరియా క్రిమిని మైక్రోస్కోపు కింద చూశాడు. హుస్సేన్ ఖాన్ అనే రోగిని దోమలతో కుట్టించి, ఒక్కో దోమకి ఒక అణా చొప్పున ఇచ్చాడట. ఆ పరిశోధనకి 1902లో నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఇప్పటికీ ఉంది.

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. దోమలన్నీ ఒకటి కావు. మలేరియా తెచ్చే అనాఫిలిస్ వాలినప్పుడు తల కిందికి, తోక పైకి పెట్టి ఏటవాలుగా కూర్చుంటుంది. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ మురుగు కాలవల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో పుడుతుంది, రాత్రిపూట చెవి దగ్గర రొద పెడుతుంది. దీనికి ఒక తేలికైన పని ఉంది. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టం మూతికి సన్నటి దోమల జాలీ కట్టండి. చాలా ఇళ్లలో ఆ గొట్టం నోరు తెరుచుకునే ఉంటుంది, దోమలు అందులోంచి కూడా వస్తాయి.

మూడోది ఏడిస్. ఒంటి మీద, కాళ్ల మీద తెల్లచారలు ఉంటాయి కాబట్టి టైగర్ దోమ అంటున్నారు. డెంగీ, చికున్‌గున్యా తెచ్చేది ఇదే. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది మురికిలో పుట్టదు. శుభ్రంగా ఉండే ఇళ్లలో, మనం దాచుకున్న మంచినీళ్లలో పుడుతుంది. వీధిలో కాలవ కంపు కొడుతోంది కాబట్టి డెంగీ వచ్చిందనుకుంటాం. కాలవ బాగుచేయాల్సిందే, కాదనను. కానీ డెంగీ దోమ ఆ కాలవలోది కాకపోవచ్చు, మన హాల్లో మనీ ప్లాంట్ పెట్టిన సీసాలోది కావచ్చు.

ఎక్కడెక్కడ వెతకాలంటే, జూన్‌లో ఆపేసి మూలకి నెట్టిన ఎయిర్ కూలర్ అడుగున చూడండి. ఫ్రిజ్ వెనక నీళ్లు కారే ట్రే చూడండి. అక్కడ ట్రే ఉందని చాలామందికి తెలియదు. పూలకుండీల కింద పళ్లేలు, పెరట్లో పడేసిన పాత రుబ్బురోలు, మేడ మీద మూత పగిలిన ట్యాంకు, పిట్టల కోసం పెట్టిన నీళ్ల గిన్నె, ఎవరూ వాడని బాత్‌రూమ్ కమోడ్, కొట్టి పడేసిన కొబ్బరి చిప్పలు. పంక్చర్ షాపుల ముందు పేర్చిన పాత టైర్లయితే చెప్పక్కర్లేదు. నీళ్లు కదిపినప్పుడు వంకర్లు తిరుగుతూ అడుక్కి పోయే సన్నటి పురుగులు కనబడితే అవే లార్వాలు. గాలి కోసం మళ్లీ పైకి వస్తాయి.

కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఊళ్లలో డ్రమ్ములు నింపుకోక తప్పదు. అలాంటప్పుడు మూత బిగుతుగా పెట్టండి, లేదా పాత చున్నీ రెండు మడతలు వేసి తాడుతో కట్టండి. వారానికి ఒకసారి డ్రమ్మును పూర్తిగా ఖాళీ చేయండి. ఖాళీ చేస్తే సరిపోదు, లోపలి అంచుల్ని పీచుతో గట్టిగా రుద్దాలి. ఏడిస్ గుడ్లను నీళ్ల మీద వదలదు, నీటి మట్టానికి కాస్త పైన గోడకి అంటిస్తుంది. ఆ గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు తగలగానే పిల్లలవుతాయి. వేసవిలో ఎండిన తొట్టి తొలకరికే దోమల్ని ఎలా పుట్టిస్తోందో అర్థమైంది కదా.

వారానికి ఒకసారి అనడానికీ కారణం ఉంది. గుడ్డు దోమ కావడానికి మన వాతావరణంలో ఎనిమిది నుంచి పది రోజులు పడుతుంది. ఏడో రోజుకే నీళ్లు పారబోస్తే దానికి రెక్కలు రావు. ఆరోగ్య శాఖ వాళ్లు శుక్రవారం డ్రై డే, అంటే నిలవ నీళ్లు పారబోసి ఆరబెట్టే రోజు, అనేది ఇందుకే. శుక్రవారం ఇల్లు కడుక్కోవడం మనకి ఎలాగూ అలవాటే, రోజు బాగానే ఎంచుకున్నారు.

పారబోయలేని నీళ్లు ఉంటాయి, బావి, పెద్ద తొట్టి లాంటివి. వాటిలో గంబూసియా చేపలు వదిలితే లార్వాల్ని తినేస్తాయి. చెరువుల్లో, వాగుల్లో మాత్రం వదలకండి, అక్కడి నాటు చేపల పిల్లల్ని కూడా ఇవి బతకనివ్వవు.

పొగ యంత్రం గురించి నా అభిప్రాయం చెబుతాను. చప్పుడు ఎక్కువ, ఫలితం తక్కువ. ఆ పూట ఎగురుతూ పొగకి దొరికిన దోమ చస్తుంది, లార్వాకి ఏమీ కాదు. పైగా ఏడిస్ మంచాల కింద, కర్టెన్ల వెనక, వేలాడే బట్టల్లో దాక్కుంటుంది. పొగ బండి రాగానే మనం కిటికీలు మూస్తాం. ఇక పొగ దానికి ఎలా తగులుతుంది? డెంగీ కేసులు వచ్చిన వీధిలో పొగ అవసరమే, కానీ డబ్బాలు బోర్లించే పనికి అది బదులు కాదు.

ఇంకొక్క మాట. ఏడిస్ పగలు కుడుతుంది, ముఖ్యంగా పొద్దున, సాయంత్రం. మధ్యాహ్నం పడుకునే పసిపిల్లలకి కూడా దోమతెర కట్టండి. ఇంట్లో ఎవరికైనా డెంగీ వస్తే ఆ మనిషిని పగలూ తెరలోనే ఉంచండి. లేకపోతే దోమ ఆయన్ని కుట్టి, ఆ క్రిమిని ఇంట్లో మిగతావాళ్లకి చేరుస్తుంది. జ్వరానికి పారాసెటమాల్ తప్ప సొంతంగా నొప్పి మాత్రలు వేసుకోవద్దు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటివి రక్తస్రావం ముప్పు పెంచుతాయి.

ఇప్పుడు పిడుదులు. తెలంగాణలో గోమార్లు అంటారు. బాగా రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు పశువు మీద నుంచి రాలిపోయి, కొట్టంలో గోడ పగుళ్లలో, రాళ్ల సందుల్లో వేల గుడ్లు పెడుతుంది. కుక్కల పిడుదులదీ ఇదే దారి. కుక్కకి ఎన్ని షాంపూలు రుద్దినా, అది పడుకునే గోనెపట్టా ఎండలో వేయకపోతే, దాని పక్క గోడ పగుళ్లు పూడ్చకపోతే పది రోజుల్లో మళ్లీ మామూలే. కొట్టం గోడలకి సిమెంటు పూసి సున్నం వేయండి, పేడ, చెత్త మూలల్లో పేరుకోనివ్వకండి. పెరట్లో నాటుకోళ్లుంటే అవీ కొన్నిటిని ఏరుకు తింటాయి.

సంకరజాతి ఆవులకి ఇవి తెచ్చే థైలీరియా, బబేసియా జబ్బులు ప్రాణాంతకం. జ్వరం, మెడ దగ్గర బిళ్లలు, కాఫీ రంగు మూత్రం, వీటిలో ఏది కనబడినా ఆ రోజే పశువుల డాక్టరుని పిలవండి. చేనుకి కొట్టే పురుగుమందు పశువు మీద కొట్టకండి. నాకుతుంది, విషమవుతుంది.

ఇంటి చుట్టూ పొదలు, ఎలుకలు ఉంటే ఇంకో పురుగుంది, కంటికి సరిగా కనబడనంత చిన్నది. అది కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది. జ్వరంతో పాటు చంకలోనో, గజ్జల్లోనో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు కనబడితే డాక్టరుకి చూపించండి. త్వరగా పట్టుకుంటే డాక్సీసైక్లిన్ లాంటి మామూలు మందుతోనే తగ్గుతుంది.

మనిషికి పిడుదు అంటుకుంటే కిరోసిన్ పోయకండి, అగ్గిపుల్లతో కాల్చకండి. పట్టకారుతో చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టుకుని, తిప్పకుండా, నిదానంగా పైకి లాగండి. వేళ్లతో నలపకండి. ఆ చోటు సబ్బుతో కడుక్కోండి. పశువులకైతే మందు కొట్టించిన రెండు మూడు వారాలకి డాక్టరుని అడిగి ఇంకోసారి కొట్టించండి. మొదటిసారి గుడ్లలో ఉన్నవి అప్పటికి బయటికి వస్తాయి.

సెలవు.