గోబర్ గ్యాస్‌లో హైడ్రోజన్ కలపవచ్చా?

వ్యాఖ్యాత: పాలకొల్లు దగ్గరి నుంచి ఒక పాడిరైతు ఫోన్ లైనులో ఉన్నారు. చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. మాకు 5 గేదెలు, 2 ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్ ప్లాంటు ఉన్నాయి. కోవా కాచేటప్పుడు మంట బర్నరును అంటిపెట్టుకోకుండా పైకి లేచి, ఎగిరెగిరి పడి ఆరిపోతోంది. సోలార్ కరెంటుతో నీటి నుంచి హైడ్రోజన్ తీసి కలిపితే మంట నిలుస్తుందని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనాండీ?

నిపుణురాలు: మీ అబ్బాయి మాటలో నిజం ఉందండీ. పేడ గ్యాస్‌లో మీథేన్ సుమారు 55 నుంచి 65 శాతం, మిగిలినది దాదాపు అంతా బొగ్గుపులుసు వాయువే. అది మండకపోగా మంట వేగాన్ని తగ్గిస్తుంది కనుక, గ్యాస్ తోసుకువచ్చే వేగాన్ని అందుకోలేక మంట రంధ్రాలను విడిచి లేస్తుంది. హైడ్రోజన్ మంట మీథేన్ మంట కంటే ఎన్నో రెట్లు వేగంగా పాకుతుంది కాబట్టి, కొద్దిగా కలిపినా మంట కుదురుకుంటుంది.

శ్రోత: అయితే వేడి కూడా పెరుగుతుందాండీ?

నిపుణురాలు: పెరగదండీ. ఒక ఘనపు మీటరు హైడ్రోజన్ ఇచ్చే వేడి, అంతే మీథేన్ ఇచ్చే వేడిలో మూడో వంతు మాత్రమే. దాన్ని తీయడానికి సుమారు 5 యూనిట్ల కరెంటు ఖర్చయితే, మండించినప్పుడు తిరిగి వచ్చేది 3 యూనిట్ల వేడే. బొగ్గుతో తీసిన కరెంటు వాడితే శుభ్రమైన ఇంధనమనే మాటకే అర్థం ఉండదు. పైగా గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్యనే అంటుకుంటుంది, హైడ్రోజన్ 4 నుంచి 75 శాతం దాకా అంటుకుంటుంది. దానికి వాసన లేదు, మంట పగటిపూట సరిగా కనిపించదు, ఎక్కువైతే బర్నరులోంచి వెనక్కి పాకుతుంది. 2014 జూన్‌లో నగరం గ్రామంలో పైపులైను మంటలు చూసిన మన కోనసీమ వారికి గ్యాస్ ప్రమాదం గురించి నేను వేరే చెప్పనక్కర్లేదు. సూరత్ దగ్గర కవాస్‌లో 2023లో ఎన్టీపీసీ టౌన్‌షిప్‌లో ఇళ్లకు పైపుల్లో వచ్చే సహజ వాయువులో హైడ్రోజన్ కలపడం మొదలుపెట్టినది కూడా ఇంజనీర్ల పర్యవేక్షణలోనే. ఇంటి దొడ్లో దయచేసి ప్రయత్నించవద్దు.

నాకు ఎక్కువ ఆశ కలిగించేది మరో దారి. హైడ్రోజన్‌ను బర్నరుకు కాక పేడతొట్టిలోకే పంపితే, అక్కడి సూక్ష్మజీవులు 4 పాళ్ల హైడ్రోజన్‌ను ఒక పాలు బొగ్గుపులుసు వాయువుతో కలిపి మీథేన్‌గా మారుస్తాయి. అప్పుడు పొయ్యి మార్చనక్కర్లేదు, అయితే అది కూడా పెద్ద ప్లాంట్లకే సాధ్యమైన పని.

శ్రోత: మరి ఇప్పుడు మేమేం చేయాలండీ?

నిపుణురాలు: బర్నరు దగ్గర గాలి రంధ్రాన్ని కొంచెం మూసి చూడండి. పేడ, నీరు సమపాళ్లలో కలపండి. పైపు ఎక్కడైనా కిందికి వంగి ఉందా?

శ్రోత: పశువుల పాక వెనుక కాస్త వంగి ఉందండీ.

నిపుణురాలు: మంట ఎగిరెగిరి పడుతోందన్నారు కదా, గ్యాస్‌లోని చెమ్మ ఆ వంపులో నీరై నిలిచి ఉంటుంది. అక్కడ చిన్న కుళాయి పెట్టించి, వానాకాలంలో వారానికోసారి ఆ నీటిని వదిలేయండి.