ఆవుకు పట్టిన నూనె పాలలో వెన్న కాదు

(జాతీయ పాల దినోత్సవ సభలో పాడి రైతుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, పాల సంఘం ప్రతినిధులకు, తెల్లవారుజామునే పాలు పితికి, కేంద్రంలో పోసి, గొడ్లకు మేత వేసి మరీ ఈ సభకు వచ్చిన రైతు సోదరులకు, అంతకన్నా ముందు ఆ పనిలో ముప్పాతిక వంతు చేసే అక్కచెల్లెళ్లకు నమస్కారం. నవంబరు 26 మన శ్వేత విప్లవ పితామహుడు వర్గీస్ కురియన్ గారి జన్మదినం కాబట్టి 2014 నుంచి ఈ రోజును జాతీయ పాల దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఆయన గురించి నాకు ముందు మాట్లాడినవారు వివరంగానే చెప్పారు, మళ్లీ చెప్పను. నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘అధిక పాల దిగుబడికి సమతుల మేత’. అది ఒక పూటలో తేలే విషయం కాదు. అందులో నూనె, కొవ్వు అనే భాగాన్ని మాత్రమే తీసుకుంటాను, ఎందుకంటే పశువైద్యుడిగా నేను తిరిగిన కృష్ణా డెల్టా గ్రామాలలో రైతు డబ్బు వృథా కావడం, పైగా రైతు మాట పడవలసి రావడం నేను ఎక్కువగా చూసింది ఈ ఒక్కచోటే.

పాలకు ధర వెన్న శాతాన్ని బట్టే కదా; పాల కేంద్రంలో చీటీ మీద ఆ శాతం తగ్గిందంటే ఎవరో ఒకరు వెంటనే చెప్పే సలహా ‘కాస్త నూనె పట్టండి’ అని. నూనె కొవ్వే, వెన్న కొవ్వే, కనుక ఇటు పోస్తే అటు వస్తుందన్న తర్కం వినడానికి సబబుగానే ఉంటుంది. అయితే ఆవు నోటికీ పొదుగుకీ మధ్య పెద్ద పొట్ట ఉంది. ఆ పొట్టలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఉన్నాయి. ఆవు తిన్నది ముందుగా వాటికి మేత, ఆ తరువాతే ఆవుకు ఆహారం.

పాలలోని కొవ్వులో ఇంచుమించు సగం పొదుగులోనే తయారవుతుంది. దానికి ముఖ్యమైన ముడిసరుకు నూనె కాదు, ఎసిటిక్ ఆమ్లం. వరిగడ్డి, జొన్న చొప్ప, పచ్చిమేత వంటి వాటిలోని పీచును పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు పులియబెట్టినప్పుడు ఈ ఆమ్లం పుడుతుంది, రక్తంలో కలిసి పొదుగుకు చేరి కొవ్వుగా మారుతుంది. మిగిలిన సగం మేతలోని కొవ్వు నుంచో, ఆవు ఒంట్లో నిలవ ఉన్న కొవ్వు కరగడం వల్లనో రక్తం ద్వారా వస్తుంది. అంటే గడ్డివామిని చూసి వెన్న గురించి ఆలోచించవలసిన మనం నూనె డబ్బా వైపు చూస్తున్నాము.

ఇక నూనె ఎక్కువగా పోస్తే ఏమవుతుందో చూద్దాం. మొదట అది పీచు మీద పొరలా కప్పుకొని, పీచును అరిగించే సూక్ష్మజీవులను అణచివేస్తుంది. ఆవు గడ్డి తినడం తగ్గిస్తుంది, ఎసిటిక్ ఆమ్లం తగ్గుతుంది. రెండవది ఇంకా సూక్ష్మమైనది. ద్రవ రూపంలో ఉండే నూనెలు సూక్ష్మజీవులకు విషం వంటివి కాబట్టి అవి వాటిని గట్టి కొవ్వులుగా మార్చి తమను తాము కాపాడుకుంటాయి. మామూలుగా ఈ మార్పు సాఫీగా సాగుతుంది. కానీ గడ్డి తగ్గి, దాణా పెరిగి, పొట్టలో పులుపు ఎక్కువైనప్పుడు ఈ మార్పు దారి తప్పుతుంది, మధ్యలో ట్రాన్స్-10, సిస్-12 అనే రకం లినోలిక్ ఆమ్లం తయారవుతుంది. ఇది రక్తంలో పొదుగుకు చేరి అక్కడ కొవ్వు తయారీనే ఆపుతుంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2000 సంవత్సరంలో ప్రకటించిన ప్రయోగంలో దీనిని రోజుకు 10 గ్రాముల చొప్పున పెద్ద పొట్టను దాటించి నేరుగా ఆవుల నాలుగో పొట్టలోకి ఎక్కిస్తే, వెన్న శాతం నలభై శాతానికి పైగా పడిపోయింది. పది గ్రాములంటే సుమారు రెండు చిన్న చెంచాల పరిమాణం.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఒక గ్రామంలో ఒక ఇల్లాలు ఒకే సంకర జాతి ఆవు మీద ఇల్లు నడుపుతుండేది. ఆవు ఈని మూడో నెల, పూటకు ఆరు లీటర్ల పాలు. వెన్న శాతం 3.8 ఉండేది. పక్కింటి గేదె పాలకు వచ్చే ధర చూసి, ఎవరో చెప్పగా, వెదురు గొట్టంతో రోజూ పావు లీటరు పొద్దుతిరుగుడు నూనె పట్టడం మొదలుపెట్టింది. దానికి తోడు మిల్లు నుంచి తెచ్చిన, నూనె తీయని పచ్చి తవుడు రోజుకు మూడు కిలోలు. వారం తిరిగేసరికి వెన్న 3.1కి వచ్చింది. నూనె చాలలేదనుకొని ఇంకొంచెం పెంచింది. అప్పుడు 2.4 వచ్చింది. ఆవు పాలకు ఆహార భద్రతా ప్రమాణం 3.2 శాతం వెన్న, 8.3 శాతం ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే ఘన పదార్థాలు) కదా; కేంద్రం వాళ్లు పాలు వెనక్కి పంపారు. అంతటితో ఆగి ఉంటే నేను ఈ కథ చెప్పను. ‘మీగడ తీసి పోస్తున్నావు’ అని నలుగురి ముందు అన్నారు.

వాళ్లు అలా అనడానికి కారణం ఉంది, అదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. పాలలో నీళ్లు కలిపితే వెన్నా తగ్గుతుంది, ఎస్‌ఎన్‌ఎఫ్ కూడా తగ్గుతుంది. మీగడ తీస్తే వెన్న ఒక్కటే పడిపోతుంది, పాల చిక్కదనం చూసే లాక్టోమీటరు కాస్త పైకే తేలుతుంది. నూనె వల్ల పొదుగులో కొవ్వు తయారీ ఆగిపోయిన ఆవు పాలు కూడా అచ్చం ఇలాగే ఉంటాయి: వెన్న లేదు, ఎస్‌ఎన్‌ఎఫ్ నిక్షేపంగా ఉంది. మిషను ఈ రెండింటికీ తేడా చెప్పలేదు. ఆ తేడా చెప్పగలిగింది కొట్టంలోని తొట్టి. నేను వెళ్లి చూసేసరికి తొట్టిలో ముందురోజు గడ్డి అలాగే ఉంది, పేడ పల్చగా, జిడ్డు తేలుతూ ఉంది, ఆవు నెమరు వేయడం బాగా తగ్గిపోయింది.

ఆమె చేత అక్కడే లెక్క వేయించాను, మీరూ వేయండి. నాలుగు వందల కిలోల బరువు, పన్నెండు లీటర్ల పాలు ఉన్న ఆవు రోజుకు పన్నెండు కిలోల ఎండు పదార్థం, అంటే తేమ తీసేసిన లెక్కన మేత, తింటుందనుకుందాం. మొత్తం మేతలో కొవ్వు ఆరు, మహా అయితే ఏడు శాతం దాటకూడదు, అంటే 720 నుంచి 840 గ్రాములు. గడ్డి, పచ్చిమేత, గానుగ చెక్క కలిసి తొమ్మిది కిలోలు, అందులో రెండు శాతం చొప్పున 180 గ్రాములు. నూనె తీయని తవుడులో 15 శాతం నూనె ఉందనుకుంటే మూడు కిలోలకు 450 గ్రాములు. ఇప్పటికే 630 అయింది. పావు లీటరు నూనె మరో 230 గ్రాములు. మొత్తం 860, హద్దు దాటిపోయాము. పైగా ఆవు గడ్డి మానేసింది కాబట్టి అసలు శాతం ఇంకా ఎక్కువే. నూనె తీసిన తవుడయితే అందులో ఉండేది ఒక శాతం, ఆ చుట్టుపక్కలే. బస్తా కొనేటప్పుడు ఏ తవుడో అడగని రైతుకు మిగతా లెక్కలన్నీ దండగ.

నూనె పూర్తిగా ఆపించాము, తవుడు కిలోకు తగ్గించాము, గడ్డిని మరీ పొడిగా కాకుండా రెండంగుళాల ముక్కలుగా కొట్టి, దాణా కంటే ముందు వేయించాము. రెండు వారాలు దాటేసరికి వెన్న మళ్లీ 3.7కు చేరింది. గొట్టంతో పట్టేటప్పుడు నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే నిమోనియా వచ్చి ఆవు చచ్చిపోయేది, ఆ విధంగా ఆమె అదృష్టవంతురాలు. అయితే ఆ మాట అన్నవారెవరూ ఆమె ఇంటికి వచ్చి తప్పయిందని అనలేదు.

నేను రాసుకొచ్చిన కాగితంలో ఇంకా చాలా ఉంది, సమయం దాటుతోందని అధ్యక్షులు చూస్తున్నారు. అయినా ఒకటి చెప్పాలి, లేకపోతే ‘డాక్టరు గారు కొవ్వే వద్దన్నారు’ అని ఇళ్లకు వెళ్లి చెబుతారు. కొవ్వు వద్దనడం లేదు. పిండి పదార్థాల కంటే కొవ్వులో రెండుంబావు రెట్ల శక్తి ఉంది, ఈనిన కొత్తలో ఆవుకు అదే కావాలి. ఈనిన ఆరు నుంచి ఎనిమిది వారాలలో పాలు శిఖరానికి చేరుతాయి, తిండి మాత్రం ఆ వేగంతో పెరగదు. ఆ లోటు పూడ్చడానికి ఆవు ఒంట్లో కొవ్వు కరిగించుకుంటుంది. ఆ రోజుల్లో చీటీ మీద వెన్న పెరిగితే సంబరపడకండి. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఆవు చిక్కిపోతూ, పాలు మాత్రం చిక్కగా ఉంటే, ఆ వెన్న దాని ఒంట్లోది. ఎద ఆలస్యం కావడం, చూడి నిలవకపోవడం, ఒంట్లో కొవ్వు అతిగా కరగడం వల్ల వచ్చే కీటోసిస్ జబ్బు రావడం అక్కడి నుంచే మొదలవుతాయి.

బైపాస్ ఫ్యాట్ పనికొచ్చేది అప్పుడు. కొవ్వు ఆమ్లాలను కాల్షియంతో కలిపి సబ్బులా చేస్తారు. పెద్ద పొట్టలో అది కరగదు, సూక్ష్మజీవులను ఇబ్బంది పెట్టదు. పులుపు ఎక్కువగా ఉండే నాలుగో పొట్టలో విడిపోయి పేగులో ఇంకుతుంది. ఎక్కువ పాలిచ్చే పశువుకు ఈనడానికి పది రోజుల ముందు నుంచి ఈనిన తొంభై రోజుల వరకు రోజుకు 100 నుంచి 150 గ్రాములు దాణాలో కలిపి పెట్టండి. రెండు మూడు లీటర్లిచ్చే ఆవుకు అది అనవసర ఖర్చు, ఆ డబ్బుతో పచ్చిమేతకు అలసంద విత్తనం కొనుక్కోండి.

దూడ విషయం కూడా వినండి. పితుకుడులో మొదటి ధారలలో వెన్న తక్కువ, చివరి ధారలలో చాలా ఎక్కువ. చివరి పాలు దూడకు వదిలి, ముందటివి కేంద్రానికి పోసి, ఫ్యాట్ రాలేదని ఆవును తిట్టుకునేవారు ఈ సభలోనూ ఉన్నారు. దూడకు పాలు మాన్పించమని కాదు. పితకడం మొదట్లో ఒక చన్ను దూడకు వదలండి, మిగతావి చివరి చుక్క దాకా పితకండి.

పాల సంఘం వారికి ఒక విన్నపం. వెన్న పడిపోయి ఎస్‌ఎన్‌ఎఫ్ నిలిచి ఉన్న చీటీ వచ్చినప్పుడు, ఆ రైతును నలుగురిలో నిలదీసే ముందు ఒక మనిషిని కొట్టానికి పంపండి. తొట్టి చూసి, పేడ చూసి, మన మనిషి ఎదుట పితికించిన పాలు పరీక్ష చేయండి. అప్పటికీ వెన్న రాకపోతే దొంగతనం కాదు, మేత లోపం. ఈ సంగతి మీ కేంద్రం గోడ మీద ధరల పట్టిక పక్కనే రాయించండి.

సంచుల్లో తవుడు, దాణా నమూనాలు తెచ్చినవారు భోజనాల తరువాత వేదిక కుడిపక్క బల్ల దగ్గరకు రండి. తవుడు నూనె తీసినదో కాదో వేళ్ల మధ్య నలిపి చూపిస్తాను. పాల చీటీలు కూడా తెచ్చి ఉంటే, రెండు పూటలవీ విడివిడిగా తీసి పెట్టుకోండి.