ఉప్పు చవకే, మరి సోడియం బ్యాటరీ?

నమస్కారం. సోడియం-అయాన్ బ్యాటరీ మీద వచ్చే వార్తల్లో తరచూ ఒక ఉప్పు కుప్ప ఫోటో కనిపిస్తుంది. ఉప్పు చవక కాబట్టి బ్యాటరీ కూడా చవకే అని చెప్పడం వాటి ఉద్దేశం. నిజమో కాదో ఈరోజు లెక్క వేసి చూద్దాం. కార్లూ ఫోన్లూ వద్దు, గ్రిడ్ కోసం కరెంటు దాచే పెద్ద కేంద్రాల సంగతే మాట్లాడుకుందాం.

తెర మీద చూడండి. ఇది చైనాలోని హుబెయ్ రాష్ట్రం, చియాన్‌జియాంగ్. దాతాంగ్ సంస్థ కట్టిన సోడియం నిల్వ కేంద్రంలో తొలి దశ 2024 జూన్ 30న మొదలైంది. సామర్థ్యం 50 మెగావాట్లు. నిండుగా ఛార్జ్ చేస్తే రెండు గంటల్లో లక్ష యూనిట్లు ఇవ్వగలదు. అందులో ఉన్నవి 42 బ్యాటరీ కంటైనర్లు. భాగిస్తే ఒక్కోదానికి సుమారు 2,400 యూనిట్లు వస్తాయి. ఇప్పుడు దొరికే లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అంటే ఎల్‌ఎఫ్‌పీ రకంలో 20 అడుగుల కంటైనర్ ఒక్కదానిలోనే 5,000 యూనిట్లు పడుతున్నాయి. సోడియం బ్యాటరీ బరువెక్కువైనా, కదలని కేంద్రానికి బరువుతో పనేముంది అంటారు. బరువుతో పని లేకపోవచ్చు. కానీ కంటైనర్లు పెరిగితే పునాదులు, కేబుళ్లు, చల్లబరిచే యంత్రాలు కూడా పెరుగుతాయి కదా!

ఇక అసలు లెక్క, ధర. ఒక యూనిట్ కరెంటు దాచే ఎల్‌ఎఫ్‌పీ సెల్స్‌కు సుమారు 0.6 కిలోల లిథియం కార్బొనేట్, అంటే లిథియం ముడిసరుకు, కావాలి. 2022 నవంబరులో చైనాలో దీని ధర టన్నుకు 6 లక్షల యువాన్ల దగ్గరికి చేరింది. గుణించండి: ఒక్క యూనిట్ సామర్థ్యానికి లిథియం ఖర్చే 360 యువాన్లు. సోడియం వైపు పెట్టుబడులు పరుగెత్తింది ఆ రోజుల్లోనే. 2025 మధ్యకు అదే కార్బొనేట్ 60 వేల యువాన్ల స్థాయికి పడిపోయింది. ఆ ధరతో గుణిస్తే 36 యువాన్లే. ఆ ధర దగ్గర లిథియాన్ని పూర్తిగా తీసేసినా మిగిలేది అంతే. ఆ కొద్ది ఆదాను అదనపు కంటైనర్ల ఖర్చే మింగేస్తుంది.

సోడియంలో కరెంటు మోసే రాగి రేకు ఖర్చు కూడా ఆదా అవుతుంది. తక్కువ వోల్టేజీ దగ్గర అల్యూమినియం లిథియంతో కలిసిపోతుంది కాబట్టి లిథియం సెల్ ఆనోడ్‌కు, అంటే రుణ ధ్రువానికి, రాగి తప్పదు. సోడియంతో ఆ బెడద లేదు, రెండు వైపులా అల్యూమినియమే చాలు. అందుకే సున్నా వోల్టుల దాకా ఖాళీ చేసి నిశ్చింతగా రవాణా చేయవచ్చు. ఇది నాకు బాగా నచ్చిన గుణం. గడ్డకట్టే చలిలోనూ ఇది బాగా పనిచేస్తుంది, మన ఎండలకు అంత అక్కరకు రాని సుగుణం అనుకోండి. గ్రాఫైట్‌లో సోడియం సరిగా ఇమడదు కాబట్టి ఆనోడ్‌కు హార్డ్ కార్బన్, అంటే గ్రాఫైట్‌లా పొరలు వరుసగా పేర్చినట్టు ఉండని కార్బన్, వాడాలి, అది గ్రాఫైట్ కన్నా ఖరీదు. కొబ్బరి చిప్పలతోనూ దాన్ని చేస్తారు. కోనసీమ వాళ్లు గమనించగలరు!

ఎవరూ పెద్దగా చెప్పని చిక్కు ఒకటుంది, వోల్టేజీ. ఎల్‌ఎఫ్‌పీ సెల్ 2.5 నుంచి 3.65 వోల్టుల మధ్య పనిచేస్తుంది. 400 సెల్స్ వరుసగా కలిపితే 1,000 నుంచి 1,460 వోల్టులు. 1,500 వోల్టుల ఇన్వర్టర్‌కు సరిగ్గా సరిపోతుంది. సోడియం సెల్ 1.5 నుంచి 4 వోల్టుల దాకా ఊగుతుంది. పైహద్దు దాటకూడదు కాబట్టి 370 సెల్స్ మాత్రమే కలిపామనుకోండి, నిండినప్పుడు 1,480 వోల్టులు, అడుగంటినప్పుడు 555. అంత తక్కువ వోల్టేజీ దగ్గర అదే పవర్ రావాలంటే నిండినప్పటి కన్నా కరెంటు రెండు రెట్లకు మించి ప్రవహించాలి. దానికి లావు కేబుళ్లు, పెద్ద ఇన్వర్టర్ కావాలి. లేదా అడుగున ఉన్న కొంత సామర్థ్యాన్ని వాడకుండా వదిలేయాలి. ఏది చేసినా డబ్బే.

అందుకే సోడియాన్ని లిథియం స్థానంలోకి వచ్చే బ్యాటరీగా కాక, లిథియం ధరకు కళ్లెంగా చూస్తాను. కార్బొనేట్ టన్ను ధర లక్ష యువాన్లు పెరిగిన ప్రతిసారీ ఎల్‌ఎఫ్‌పీ ఖర్చు యూనిట్‌కు 60 యువాన్లు పెరుగుతుంది, సోడియం అంతగా లాభసాటి అవుతుంది. ఈ లెక్కల పట్టికను వీడియో కింద పెట్టాను. పసుపు రంగు గడిలో ఈరోజు ధర వేసి, మీ ఫలితాన్ని కామెంట్లలో రాయండి.