గంజు తెచ్చారు సరే, తిరిగి ఇచ్చారా? కొకూన్ ఫ్లోస్క్రిప్టులో కాంపోనెంట్ల సంగతి

(తెరమీద నాలుగు వరుసల కోడ్. రెండో వరుస ఎర్రగా కనిపిస్తుంది.)

నమస్కారం. ఈ రెండో వరుస చూడండి. "న్యూ ప్యాకేజెస్ డాట్" అని మొదలవుతోంది. మిర్చి లాటుకు ధర లెక్క కట్టే జావా క్లాసు ఒకటి ఉంది. దాన్ని కొకూన్ అనే జావా వెబ్ ఫ్రేమ్‌వర్కు ఫ్లోస్క్రిప్టులోనే, అంటే పేజీల క్రమాన్ని నడిపే జావాస్క్రిప్టులోనే, నేరుగా సృష్టించుకున్నారు. కంపైలర్ ఏమీ అనదు, పేజీ కూడా తెరుచుకుంటుంది. లెక్క అడిగిన మరుక్షణం నల్ పాయింటర్ ఎక్సెప్షన్, అంటే లేని వస్తువును వాడబోతే జావా చూపించే లోపం. అప్పుడు వినిపించే మాట ఒకటే: "కొకూన్ పాతబడిపోయింది, స్క్రిప్టులోంచి జావాను పిలిస్తే ఇలాగే విరుగుతుంది."

ఈ మాట నాకు నచ్చదు. తప్పు కొకూన్‌ది కాదు. వస్తువును ఎవరిని అడగాలో వారిని అడగకపోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఇదే పొరపాటును ముగ్గురు వేర్వేరు మనుషుల కోడ్‌లో సరిదిద్దాక ఈ వీడియో చేయక తప్పదనిపించింది.

సైట్‌మ్యాప్ అంటే ఏమిటి, పైప్‌లైన్ అంటే ఏమిటి అని మొదలుపెట్టను. ఈ వీడియో తెరిచారంటే మీ సర్వర్ మీద ఎక్కడో కొకూన్ 2.1 నడుస్తూనే ఉంటుంది. అది 2003లో వచ్చింది, ఇంకా పని చేస్తోంది, దాన్ని చూసుకోవలసిన బాధ్యత మీ మీద పడింది. సూటిగా విషయంలోకి వెళదాం.

మా మేనమామకు హనుమకొండలో టెంట్ హౌస్ ఉంది. మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయంటే ఆయనకు నిద్ర ఉండదు. పెళ్లివారు వస్తారు, ఎంతమందికి వంట అని చెబుతారు. మామ లోపలికి వెళ్లి ఆ లెక్కకు సరిపడా గంజులు, గంటెలు, బకెట్లు తీయించి రిజిస్టరులో రాసుకుంటాడు. అయిదు వందల మందికి అన్నం వండాలని పెంబర్తి వెళ్లి ఇత్తడి గంజు చేయించుకునేవాళ్లను నేను చూడలేదు. ఒకవేళ ఎవరైనా చేయించుకుని, కళాయి వేయించకుండా అందులో చింతపండు పులుసు కాచారనుకోండి. కిలుము దిగి పులుసు చెడిపోతుంది. గంజు ఆకారం సరిగ్గానే ఉంది, లోపల వేయవలసిన పూతే లేదు.

"న్యూ" అని రాసినప్పుడు మీకు దొరికేది ఆ కళాయి లేని గంజే. కొకూన్ 2.1 కింద ఉన్నది అవలాన్ అనే కంటైనర్. కాంపోనెంట్లను, అంటే మనకు పని చేసిపెట్టే జావా వస్తువులను, తయారుచేసి చూసుకునేది అదే. అది ఒక కాంపోనెంటును మీ చేతికి ఇచ్చేముందు వరుసగా కొన్ని పనులు చేస్తుంది. జరిగింది రాసుకోవడానికి లాగర్ ఇస్తుంది. ఎక్కడ నడుస్తోందో చెప్పే కాంటెక్స్ట్ చూపిస్తుంది. మిగతా కాంపోనెంట్లను వెతుక్కోవడానికి సర్వీస్ మేనేజరును అందిస్తుంది. కొకూన్ డాట్ ఎక్స్‌కాన్ఫ్ ఫైలులో మీరు రాసిన ఆకృతీకరణను, అంటే కాన్ఫిగరేషన్‌ను, చదివిస్తుంది. చివరికి ఇనిషియలైజ్ అని పిలుస్తుంది. ఈ క్రమం ఎప్పుడూ మారదు. మీ ధర లెక్క క్లాసు తన డేటాబేసు కనెక్షన్ ఎక్కడ ఉందో సర్వీస్ మేనేజరును అడిగి తెలుసుకుంటుంది. "న్యూ"తో పుట్టిన వస్తువుకు ఆ మేనేజరునే ఎవరూ ఇవ్వలేదు. నల్ రాక మరేం వస్తుంది?

అందుకే స్క్రిప్టులో రాయవలసిన మాట "కొకూన్ డాట్ గెట్‌కాంపోనెంట్". బ్రాకెట్లలో ఆ కాంపోనెంటు పాత్ర పేరు. సాధారణంగా అది ఇంటర్‌ఫేసు పూర్తి పేరే. ఆ పేరుకు ఏ క్లాసు సరిపోతుందో ఆకృతీకరణలో ఉంటుంది, స్క్రిప్టుకు ఆ సంగతి తెలియనవసరం లేదు. పెళ్లివారు "పెద్ద గంజు ఇవ్వండి" అంటారు తప్ప గోదాములో ఎడమవైపు మూడో గంజు కావాలనరు.

కాంపోనెంటుగా నమోదు చేయని మామూలు క్లాసుకు కూడా కళాయి వేయించాలంటే "క్రియేట్‌ఆబ్జెక్ట్" ఉంది. అదీ అదే వరుసలో సిద్ధం చేసి ఇస్తుంది, కాకపోతే నమోదు లేదు కాబట్టి ఆకృతీకరణ మాత్రం అందదు. చాలామంది దాని జోలికే వెళ్లరు.

గంజులన్నీ ఒక రకం కావు. గోడకు వేలాడే పంచాంగం ఉంటుంది, వచ్చినవారంతా ఒకేసారి చూసుకోవచ్చు, ఎవరూ ఇంటికి పట్టుకుపోరు. అవలాన్‌లో అది థ్రెడ్‌సేఫ్ కాంపోనెంటు. సర్వర్ మొత్తానికి ఒకటే ఉంటుంది. మోదుగాకు విస్తరి ఉంటుంది, ప్రతి మనిషికీ కొత్తది, తిన్నాక పారేయడమే. అది సింగిల్‌థ్రెడెడ్. ఇక గంజు. చేయడానికి ఖర్చు ఎక్కువ, ఒకసారికి ఒక ఇంట్లోనే వాడాలి, తిరిగి రావాలి, కడిగి ఇంకొకరికి ఇవ్వాలి. అదే పూలబుల్, అలాంటివి ఉండే గోదామే పూల్. రీసైక్లబుల్ అని ప్రకటించిన కాంపోనెంటు తిరిగి రాగానే కంటైనర్ దాని రీసైకిల్ మెథడ్‌ను పిలుస్తుంది. మామ దగ్గర గంజులు తోమే మనిషి చేసే పని అదే. మీ క్లాసులో ఆ మెథడ్‌ను ఖాళీగా వదిలేస్తే నిన్నటి రైతు తూకం నేటి రైతు రసీదులో కనిపిస్తుంది. అన్నీ గంజుల్లాంటివే అనుకుని ప్రతిదానికీ పూల్ పెట్టేవాళ్లు ఉన్నారు. పంచాంగాన్ని పూల్‌లో పెట్టడం నాకు అర్థం కాదు. లోపల స్థితి ఏమీ దాచుకోని కాంపోనెంటును థ్రెడ్‌సేఫ్ చేసేయండి, సగం బాధ పోతుంది.

ఇప్పుడు తిరిగి ఇవ్వడం. "కొకూన్ డాట్ రిలీజ్‌కాంపోనెంట్". జావాలో ఫైనలీ (పని చెడినా తప్పక నడిచే భాగం) రాసే అలవాటున్నవాళ్లు కూడా స్క్రిప్టులోకి రాగానే దీన్ని మరిచిపోతారు. స్క్రిప్టు కదా, చెత్తను అదే ఊడుస్తుంది అనుకుంటారు. మెమరీని ఊడ్చే గార్బేజ్ కలెక్టర్‌కు మామ రిజిస్టరు తెలియదు. ఇచ్చిన గంజు తిరిగి రాలేదని రాసి ఉన్నంతకాలం అది బయట ఉన్నట్టే లెక్క.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పూల్‌లో ఎన్ని ఉండాలో చెప్పే పూల్-మ్యాక్స్ అనే అంకె కొకూన్ 2.1లో మామూలుగా గట్టి గోడ కాదు. అంకె దాటినా అడిగితే కొత్తది చేసి ఇస్తుంది. అదనంగా చేసినవి తిరిగి వస్తే పారేస్తుంది. అంటే మీరు తిరిగి ఇవ్వకపోయినా ఏదీ వెంటనే ఆగిపోదు. ప్రతి పెళ్లికీ మామ కొత్త గంజు చేయిస్తూ పోతున్నట్టు సర్వర్ నెమ్మదిస్తుంది, మెమరీ నిండుతుంది, కారణం లాగ్ ఫైలులో ఎక్కడా కనిపించదు. అదే డేటాబేసు కనెక్షన్ల పూల్ అయితే గోడ గట్టిది. కొకూన్‌తో వచ్చే ఉదాహరణ ఆకృతీకరణలో కనిష్ఠం 5, గరిష్ఠం 10 అని ఉంటుంది. దాన్ని అలాగే వదిలేసిన అప్లికేషన్లు చాలా ఉన్నాయి.

నేను పనిచేసిన ఒక చోట సరిగ్గా ఇదే జరిగింది. మిర్చి లాట్లు నమోదు చేసే మూడు పేజీల ప్రవాహం. మొదటి పేజీలో రైతు వివరాలు, రెండో పేజీలో తూకం, మూడో పేజీలో ఖరారు. స్క్రిప్టు మొదట్లోనే కాంపోనెంటు తీసుకున్నారు, చివరి వరుసలో బుద్ధిగా తిరిగి ఇచ్చారు. చూస్తే అంతా పద్ధతిగానే ఉంది. పొద్దున తొమ్మిదికి బాగా నడిచేది, పదకొండుకు బిగుసుకుపోయేది. బయట రైతులు బస్తాల పక్కన ఎండలో నిలబడేవారు.

(తెరమీద మూడు పేజీలు, మధ్యలో రెండు ఖాళీలు.)

ఈ రెండు ఖాళీలను చూడండి. "సెండ్‌పేజ్అండ్‌వెయిట్" అని రాశాం కదా. ఈ వరుస దగ్గర స్క్రిప్టు ఆగిపోతుంది. అప్పటిదాకా ఉన్న వేరియబుల్స్, ఎక్కడ ఆగిందో ఆ చోటు, అన్నీ కలిపి కంటిన్యుయేషన్‌గా మూటకట్టి పక్కన పెడుతుంది. క్లర్కు తూకం నింపి బటన్ నొక్కితే మూట విప్పి అక్కడినుంచే కొనసాగిస్తుంది. ఫ్లోస్క్రిప్టులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. మూడు పేజీల సంభాషణను ఒకే ఫంక్షన్‌గా పైనుంచి కిందికి చదువుకోవచ్చు. దీన్ని మొదటిసారి చూసినప్పుడు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది.

కానీ ఆ మూటలో గంజు కూడా ఉంది! పెళ్లి మధ్యలో ఆపి, గంజును అటకెక్కించి, ఇంటికి తాళం వేసి ఊరెళ్లినట్టు. క్లర్కు టీకి వెళ్లాడు, పావుగంట. ఇంకొకరు బ్రౌజర్ మూసేసి కొత్తగా మొదలుపెట్టారు. ఆ మూటను ఎవరూ విప్పరు. ఆకృతీకరణలో కంటిన్యుయేషన్ ఆయుష్షు మామూలుగా 36,00,000 మిల్లీసెకన్లు, అంటే ఒక గంట. గంట గడిచాక మూటను పారేస్తారు. మీరు బుద్ధిగా రాసిన చివరి వరుస, ఆ రిలీజ్, ఎన్నడూ నడవదు. అక్కడి ఒక్కో కాంపోనెంటు ఒక డేటాబేసు కనెక్షన్‌ను పట్టుకుని ఉండేది. పది మంది క్లర్కులు, పది కనెక్షన్లు. పదకొండు గంటలకు ఎందుకు బిగుసుకుందో ఇప్పుడు మీరే చెప్పగలరు.

ఇంకొకటి ఉంది, ఇది మరీ ప్రమాదం. క్లర్కు ఖరారు చేశాక బ్రౌజర్‌లో వెనక్కి బటన్ నొక్కి, తూకం దిద్ది, మళ్లీ పంపాడు. కంటిన్యుయేషన్ల ప్రయోజనమే అది, పాత మూట మళ్లీ విప్పుకుంటుంది. కానీ అందులోని గంజును మొదటిసారే తిరిగి ఇచ్చేశాం. ఈపాటికి అది ఇంకొకరి పొయ్యి మీద ఉంది. మన స్క్రిప్టు పాత చీటీ పట్టుకుని వెళ్లి వాళ్ల గంజులో గంటె పెట్టి కలుపుతుంది, ఆపైన రెండోసారి తిరిగి ఇస్తుంది. ఇద్దరు రైతుల లెక్కలు కలిసిపోతాయి. ఇలాంటి తప్పు పరీక్షల్లో దొరకదు, రద్దీ ఉన్న రోజునే బయటపడుతుంది. నష్టపోయేది ఎవరో రైతు. అందుకే దీన్ని నేను చిన్న విషయంగా చూడలేను.

మార్గం తేలికే. ఒక చిన్న ఫంక్షన్ రాయండి. అందులో కాంపోనెంటు అడగండి, ట్రై లోపల పని చేయించుకోండి, ఫైనలీలో తిరిగి ఇవ్వండి, ఫలితాన్ని మాత్రం బయటకు పంపండి. ఆ ఫంక్షన్ లోపల పేజీ పంపే వరుస ఉండకూడదు. పేజీల మధ్య ఖాళీని దాటవలసింది రైతు పేరు, తూకం, ధర, అంతే. మూడో పేజీలో మళ్లీ అవసరమైతే మళ్లీ అడగండి. పూల్ ఉన్నదే అందుకు, మళ్లీ అడిగినందుకు పెద్ద ఖర్చేమీ ఉండదు.

ఒక్కోసారి పేజీ తయారవుతున్నప్పుడు కూడా కాంపోనెంటు కావాలి. వడ్డన అయ్యేదాకా గంజు ఉండాలి కదా. దానికి సెండ్‌పేజ్అండ్‌వెయిట్‌కు మూడో ఆర్గ్యుమెంటుగా ఒక ఫంక్షన్ ఇవ్వవచ్చు. పేజీని తయారుచేసే పైప్‌లైన్ పని పూర్తయ్యాక, మూట కట్టేముందు అది నడుస్తుంది. రిలీజ్ అక్కడ పెట్టండి. ఇది తెలియక ఎంతమంది ఎన్ని తంటాలు పడ్డారో!

సమయం అయిపోతోంది, మిగిలినవి త్వరగా చెబుతాను. కొకూన్‌లో స్క్రిప్టును నడిపేది రైనో అనే జావాస్క్రిప్టు ఇంజను. అది మామూలు రైనో కాదు, కంటిన్యుయేషన్ల కోసం మార్చిన ప్రతి. అందులో "క్యాచ్ బ్రేక్", "క్యాచ్ కంటిన్యూ" అని రెండు ఉన్నాయి. స్క్రిప్టు ఆగేటప్పుడు మొదటిది, తిరిగి లేచేటప్పుడు రెండోది నడుస్తాయి. మొదటిదానిలో తిరిగి ఇచ్చి రెండోదానిలో మళ్లీ తీసుకోవచ్చు. పనిచేస్తుంది. అయినా నేను వాడను, తర్వాత చదివేవారికి అది జావాస్క్రిప్టులా కనిపించదు.

కొకూన్ 2.2లో అవలాన్ బదులు స్ప్రింగ్ అనే కంటైనర్ వచ్చింది. గెట్‌కాంపోనెంట్ అదే పేరుతో ఉంటుంది, వచ్చేది స్ప్రింగ్ తయారుచేసిన వస్తువు, దాన్ని బీన్ అంటారు. ఏమీ చెప్పకపోతే బీన్ సింగిల్‌టన్, అంటే పంచాంగం. పాత పూలబుల్ క్లాసును అలాగే తీసుకెళ్లి సింగిల్‌టన్ బీన్‌గా పెడితే అందరూ ఒకే గంజులో వండుతారు. ఫీల్డుల్లో స్థితి ఉంటే ముందు దాన్ని తీసేయండి.

ధర లెక్కను స్క్రిప్టులోకి తెచ్చి రాయకండి. రాత్రి నడిచే బ్యాచ్ పనికి కూడా అదే లెక్క కావాలి, అది స్క్రిప్టును చదవలేదు.

ఈ వీడియో ఆపాక ఒక పని చేయండి. మీ ప్రాజెక్టు ఫ్లోస్క్రిప్టులన్నిటిలో గెట్‌కాంపోనెంట్ ఎన్నిసార్లు ఉందో, రిలీజ్‌కాంపోనెంట్ ఎన్నిసార్లు ఉందో వెతికి లెక్కపెట్టండి. రెండు అంకెలూ సమానంగా ఉన్నా ఆగకండి. ప్రతి జంట మధ్యలో సెండ్‌పేజ్అండ్‌వెయిట్ ఉందేమో చూడండి. దొరికితే ఆ ఫంక్షన్‌ను పేర్లు తీసేసి కింద పెట్టండి, వచ్చే వీడియోలో దాన్నే విడగొట్టి సరిచేద్దాం.