ఫోన్-ఇన్: ఫ్రంటెండ్ నుంచి ఇంటర్‌ఫేస్ డిజైన్‌కి

యాంకర్: నమస్కారం. ఫ్రంటెండ్ డెవలపర్‌గా, అంటే యాప్‌లు, వెబ్‌సైట్లలో కంటికి కనపడే భాగానికి కోడ్ రాస్తూ, ఆ స్క్రీన్లు ఎలా ఉండాలో నిర్ణయించే ఇంటర్‌ఫేస్ డిజైన్‌కి మారాలనుకునేవాళ్ల సందేహాలకి మేడం సమాధానం చెబుతారు. హలో, చెప్పండి.

కాలర్: నమస్తే మేడం. నాది ఆరేళ్ల అనుభవం. స్క్రీన్లు కట్టే కోడ్ లైబ్రరీల్లో మొదట జేక్వెరీ, తర్వాత రియాక్ట్. డిజైనర్ ఇచ్చిన ఫైల్ చూసి స్క్రీన్లు కడతాను. కడుతున్నప్పుడే తెలిసిపోతుంది, ఈ బటన్ ఇక్కడ ఉండకూడదని. చెబితే ‘‘నువ్వు కోడ్ రాయి చాలు’’ అంటారు. అదొక బాధ. ఇంట్లోనేమో ఉన్న ఉద్యోగం వదిలేసి మళ్లీ మొదటినుంచా అంటున్నారు. స్క్రీన్లు గీసే టూల్ ఫిగ్మా మీద కోర్సు ఒకటి చేశాను, ఇంకోటి చేద్దామా అని... అసలు నాకు డ్రాయింగ్ రాదు మేడం.

యాంకర్: మీ ప్రశ్న ఏంటండీ?

కాలర్: అదేనండీ, బొమ్మలు వేయడం రానివాడు డిజైనర్ అవ్వొచ్చా?

నిపుణురాలు: అవ్వొచ్చు. ఏది ముందు కనపడాలి, ఏది తర్వాత, పొరపాటున నొక్కితే ఏం జరగాలి, అసలు పని అదండీ. ఫైల్‌లో మీకు నిండుగా ఉన్న స్క్రీన్ ఒక్కటే ఇస్తారు. మరి లిస్టు ఖాళీగా ఉంటే? నెట్ పోతే? పేరు 40 అక్షరాలుంటే?

కాలర్: అవన్నీ నేనే ఏదో ఒకటి పెట్టేస్తాను మేడం.

నిపుణురాలు: ఆ పెట్టేయడమే డిజైన్! రాసిపెట్టుకోవట్లేదు, అంతే. ఎందుకు అలా పెట్టారో రాయండి. ఇంకో టూల్ కోర్సుకి డబ్బు పెట్టకండి. ఫిగ్మాలో వరసలు, ఖాళీలు వాటంతటవే సర్దే ఆటో లేఅవుట్ అంటే మీకు కోడ్‌లో తెలిసిన ఫ్లెక్స్‌బాక్స్ లాంటిదే.

కాలర్: మరి రంగులు? నాకు బాగుందనిపించింది వేరేవాళ్లకి నచ్చదు.

నిపుణురాలు: ముందు కొలతలు పట్టుకోండి. వైకల్యం ఉన్నవాళ్లు కూడా వెబ్ వాడగలిగేలా పెట్టిన ప్రమాణాలు డబ్ల్యూసీఏజీ; అందులో ఏఏ స్థాయిలో మామూలు అక్షరాలకి కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా, కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకి 3:1. 2023లో వచ్చిన 2.2 వెర్షన్‌లో, కొన్ని మినహాయింపులతో, నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్లు. గూగుల్ డిజైన్ మార్గదర్శకాలు మెటీరియల్ అయితే 48 డీపీ (ఆండ్రాయిడ్ స్క్రీన్ల కొలత) ఉంచమంటుంది. కంటికి అలవాటు కావాలంటే మంచి స్క్రీన్ ఒకటి ఎంచుకుని చూసి మళ్లీ కట్టండి. పక్కపక్కన పెడితే మీ ఖాళీలు ఎక్కడ తప్పాయో తెలుస్తుంది.

కాలర్: అంటే డ్రాయింగ్ రాకపోయినా పర్వాలేదంటారా?

నిపుణురాలు: చెప్పాను కదా బాబూ, పర్వాలేదు. మీకు అడ్డుపడేది డ్రాయింగ్ కాదు, ‘ఇది కట్టడం కష్టం’ అని ముందే అనుకోవడం. మన డెవలపర్లందరికీ ఉండే జబ్బు ఇది, నాకూ చాలాకాలం పట్టింది వదలడానికి. లైబ్రరీలో రెడీగా ఉన్న కాంపొనెంట్, అంటే బటన్, మెనూ లాంటి ముక్క, కళ్ల ముందుకొస్తుంది, ఆలోచన అక్కడే ఆగిపోతుంది. కంప్యూటర్ తెరవకముందే కాగితం మీద ఒకదానికొకటి పోలిక లేని మూడు డిజైన్లు గీయండి. వంకర గీతలైనా సరే. తర్వాత ఐదుగురికి ఇచ్చి వాడమనండి. ఐదుగురితోనే చాలా సమస్యలు బయటపడతాయని యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లోనే రాశారు. మీరు మాత్రం పక్కన మాట్లాడకుండా కూర్చోండి. ‘‘అక్కడ నొక్కండి’’ అన్నారంటే ఆ పరీక్ష పోయినట్టే.

కాలర్: రాజీనామా ఎప్పుడు చేయమంటారు?

నిపుణురాలు: ఇప్పుడే వద్దు. చేతిలో పోర్ట్‌ఫోలియో, అంటే చేసిన పనులు చూపించే పేజీ, లేకుండా అసలే వద్దు. మీ టీమ్‌లోనే ఎర్రర్ మెసేజ్‌ల పనో, సెట్టింగ్స్ పేజీయో అడిగి తీసుకోండి. డిజైన్ సిస్టమ్, అంటే అన్ని స్క్రీన్లకీ ఒకేలా వాడే ముక్కలు, నియమాల పని ఉంటే ఇంకా మంచిది. టోకెన్లు (పేరు పెట్టి ఉంచిన రంగులు, కొలతలు), కాంపొనెంట్లు కోడ్, డిజైన్ రెండు వైపులా తెలిసినవాళ్లే బాగా చేయగలరు. మారాక జీతం మొదట్లో తగ్గొచ్చు, ఇంట్లో ఆ మాట ముందే చెప్పండి.

యాంకర్: థాంక్యూ అండీ. తర్వాతి కాలర్.

కాలర్: మేడం, పోర్ట్‌ఫోలియో కోసం పెద్ద యాప్‌లు మూడు రీడిజైన్ చేశాను. పిలుపు ఒక్కటీ రాలేదు.

నిపుణురాలు: అవి తీసేయమ్మా. ఆ కంపెనీలకి లోపల ఏ ఇబ్బందులున్నాయో నీకు తెలియదు కదా. నువ్వు నిజంగా పనిచేసిన స్క్రీన్ ఒక్కటి పెట్టు. మొదట ఎలా ఉంది, ఎవరు ఎక్కడ ఆగిపోయారు, ఏం మార్చావు. ఎందుకు మార్చావో రాయి. ఆఫీసు పనైతే అనుమతి అడుగు.

కాలర్: కోడ్ కూడా చూపించనా?

నిపుణురాలు: నొక్కితే పనిచేసే నమూనా, ప్రోటోటైప్, చూపించు, చాలు.

యాంకర్: ఇంకొకరు. హలో?

కాలర్: మేడం, ఏఐ స్క్రీన్లు గీసేస్తోంది, ఇప్పుడు మారడం...

నిపుణురాలు: గీస్తుంది. అందులో ఏది వాడేవాళ్లకి సరిపోతుందో ఐదుగురి పక్కన కూర్చుని మీరే చూడాలి.

యాంకర్: టైమ్ అయిపోయింది. మేడం, ధన్యవాదాలు.