గుండిగ మీది పేరు

అందరికీ నమస్కారం. నేనింకా మైకు అందుకోకముందే ముందు వరుసలో ఇద్దరు దీన్ని చూసి గుసగుసలాడుకున్నారు. ప్రసంగానికి వస్తూ ఈయన ఇత్తడి గుండిగ ఎందుకు మోసుకొచ్చాడు, చివర్లో పులిహోర పంచుతాడా అని కాబోలు. ఖాళీదేనండీ. దీని సంగతి తర్వాత చెబుతాను.

గ్రంథాలయ వారోత్సవాల్లో మీ హాబీ గురించి మాట్లాడండి అన్నారు. నాకున్నది ఒక్కటే, మా వంశవృక్షం గీసుకోవడం. ఈ పిచ్చి 2016 కృష్ణా పుష్కరాల్లో పట్టుకుంది. పిండప్రదానానికి కూర్చుంటే పురోహితుడుగారు వరసగా పేర్లు అడుగుతున్నారు. నాన్న, తాతయ్య, ముత్తాత, గడగడా చెప్పాను. అమ్మ, నాయనమ్మ, అవీ చెప్పాను. "ముత్తాతగారి భార్య పేరండీ?" అన్నారు. నోరు పెగల్లేదు. "ఫరవాలేదు, కానివ్వండి" అని ఆయన మంత్రంలోకి వెళ్ళిపోయారు. వెనక జనం ఉన్నారు మరి. ముప్ఫై రెండేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. మా ఇంటి లెక్క మూడో మెట్టులోనే తప్పాను.

నాయనమ్మ ఉండగా అడిగితే సరిపోయేదనుకుంటారు. అడిగినా చెప్పేది కాదు. అత్తగారి పేరు నోటితో పలకకూడదు కదా. ఆమె పెద్దకూతురికి, అంటే మా పెద్ద మేనత్తకు, వాళ్ళ నాయనమ్మ పేరే పెట్టారట. ఆ పేరుతో పిలిస్తే అత్తగారిని పేరుపెట్టి కేకేసినట్టే! అందుకని 'అమ్మాయి' అని పిలిచేది. ఊరంతా అదే అలవాటైంది. ఎనభై ఏళ్ళు దాటి పోయేదాకా ఆవిడ మా అందరికీ అమ్మాయత్తే. మీ ఇళ్ళలోనూ ఒక తాతబ్బాయి, ఒక బుల్లెమ్మ, ఒక పాపాయి ఉండే ఉంటారు. ఆ ముద్దుపేరు వెనక ఎవరో పెద్దాయనో పెద్దావిడో దాక్కుని ఉంటారు. కాస్త గీకి చూడండి.

ఇంకో చిక్కు, మనవడికి తాత పేరు పెట్టడం. మా కాగితాల్లో ఒకే పేరు ఒక తరం వదిలి ఒక తరం వస్తూ ఉంటుంది. పొలం కొన్నది తాతా, మనవడా? తండ్రి పేరు చూస్తే తప్ప తేలదు. పైగా మన మేనరికాలు. మా అబ్బాయి ఫోన్లో ఏదో యాప్ వేసి ఇచ్చాడు. అందులో పేర్లు ఎక్కిస్తూ పోతుంటే ఒకచోట గీతలన్నీ చిక్కుపడి కూర్చున్నాయి. మా అమ్మవైపు ఒకావిడ సొంత మేనమామనే చేసుకుంది. ఆవిడ పిల్లలకు అమ్మమ్మే మేనత్త. యాప్ చేసినవాడికి ఇదెక్కడ తెలుసు? చెట్టు అంటారు గానీ మనది చెట్టు కాదండీ, వల. చివరికి నాలుగు చార్టులు అతికించి పెన్సిలుతోనే గీశాను. రబ్బరు దగ్గర పెట్టుకుని.

అసలు మజా దస్తావేజుల్లో ఉంది. పాత దస్తావేజు ఒకటి చేతికొస్తే పొలం ఎన్ని ఎకరాలో చూడకండి. ఫలానావారి కుమారుడు ఫలానా, కాపురం ఫలానా ఊరు, సేద్యం జీవనం అని ఉంటుంది. నాలుగు హద్దుల్లో పక్క పొలాలవాళ్ళ పేర్లుంటాయి. సగంమంది మన దాయాదులే. కింద సాక్షులు. సాధారణంగా బావమరిదో వియ్యంకుడో వచ్చి సంతకం పెట్టి ఉంటాడు. చదువు రానివాళ్ళ నిశానీలు ఉంటాయి. మా ముత్తాతగారి 1911 నాటి విక్రయ దస్తావేజుకు నకలు తీయించాను. ఆ నకలు కోసం ఒక ఆఫీసు చుట్టూ పదకొండుసార్లు తిరిగాను. ఆ ఆఫీసు ఏదో చెప్పను, మళ్ళీ వెళ్ళాల్సిన పని ఉంది.

తెలంగాణ మిత్రులైతే 1954-55 నాటి ఖాస్రా పహాణీతో మొదలుపెట్టవచ్చు. పట్టాదారెవరో, సాగులో ఎవరున్నారో అందులో దొరుకుతుంది.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. భూమి లేని ఇంటికి దస్తావేజు ఉండదు. మన ఊళ్ళలో సగం ఇళ్ళు అలాంటివే. వాళ్ళ వంశాలు కాగితం మీద కాదు, నోటిమీద నిలిచాయి. మాదిగలకు డక్కలివారు పటం చూపిస్తూ కులపురాణం చెప్పేవారు. రైతు కుటుంబాల గోత్రాలూ వంశాలూ పిచ్చిగుంట్లవారు ఏకరువు పెట్టేవారు. వాళ్ళనే ఇప్పుడు వంశరాజులంటున్నారు. చిన్నప్పుడు కళ్ళాల రోజుల్లో వాళ్ళు మా వాకిట్లో నిలబడి పేర్లు చదువుతుంటే విసుక్కుని లోపలికి పోయేవాణ్ణి. ఇవాళ వాళ్ళకోసం బస్సెక్కి వెతుక్కుంటూ తిరుగుతున్నాను.

ఇక్కడ రాయనివాళ్ళను ఓడెక్కేటప్పుడు మాత్రం తెల్లవాళ్ళు జాగ్రత్తగా రాశారు. చెరకు తోటల్లో పనికి 1860 నుంచి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నేటాలుకు లక్షా యాభై రెండు వేలమందికి పైగా వెళ్ళారు. వాళ్ళలో చాలామంది మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్ళు, మన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఓడ చిట్టాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, చివరికి ఒంటిమీది మచ్చలతో సహా ఎక్కించారు. కూలికి తీసుకెళ్తున్నవాడు పారిపోతే పట్టుకోవడానికి పనికొస్తుందనే కావచ్చు. ఇవాళ డర్బన్‌లో ఉన్న మనవలకు ఆ చిట్టాయే వంశవృక్షపు వేరు. మారిషస్‌లో మోకా ఊళ్ళో ఉన్న మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో అలాంటి రికార్డులే ఉన్నాయి. కోరంగి రేవు పేరుమీద అక్కడ తెలుగువాళ్ళను కోరంగీలనేవారు.

మా ఇంట్లో ఒక మాట ఉండేది, 'రక్తాక్షి ఉప్పెనకు బందరు వదిలొచ్చాం' అని. తెలుగు సంవత్సరంతో ఇదే తంటా, అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది. రక్తాక్షి 1864లో వచ్చింది, 1924లోనూ వచ్చింది. 1911 దస్తావేజులో మా ముత్తాత కాపురం అప్పటికే మా ఊరని ఉంది కాబట్టి 1924 కొట్టేశాను. మిగిలింది 1864. ఆ నవంబరు 1న బందరును సముద్రం ముంచెత్తింది. ముప్ఫై వేలమంది దాకా పోయారు. అంత జనంలో బతికి బయటపడ్డవాళ్ళలో మావాడొకడున్నాడని తేలిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. మనం రాజుల వంశమా, మంత్రుల వంశమా అని నన్నడిగేవాళ్ళుంటారు. ఆ ఉప్పెనలో ఏ తాటిచెట్టు పట్టుకున్నాడో, అది తెలిస్తే నాకు చాలు.

సరే, గుండిగ. మా పెదనాన్నగారి మనవరాలు ఇంట్లో బియ్యం పోసుకుంటున్నారు దీంట్లో. అంచు మీద పేరుందని ఫోన్ చేసింది. చింతపండు పెట్టి తోమితే అక్షరాలు తేలాయి. చూడండి, మేకుతో చుక్కలు కొట్టి రాశారు. సారెలో వచ్చిన సామాను మీద ఆడపిల్ల పేరు వేయించేవారు కదా. మొదట 'స'. దానికి కొమ్ముంది. చివర 'మ్మ'. మధ్యలో అరిగిపోయింది. కొమ్ముకు దీర్ఘం ఉంటే సూరమ్మ. లేకపోతే, ఆ కింద కనబడే చుక్కలు బ వత్తయితే, సుబ్బమ్మ. వత్తు కావచ్చు, సొట్ట కావచ్చు.

మా అమ్మాయత్త బడి రిజిస్టరులో పేరు సుబ్బాయమ్మ. అంటే లెక్క తేలిపోయింది, సుబ్బమ్మే అని పొంగిపోయాను. ఆ వారమే 1911 దస్తావేజు నకలు చేతికొచ్చింది. అందులో 'భార్య సూరమ్మ' అని ఉంది.

ఇద్దరు భార్యలేమో. మొదటావిడ పోతే రెండో పెళ్ళి చేసుకున్నాడేమో. అలాగైతే నేను ఎవరి మునిమనవణ్ణి? ఈ గుండిగ ఎవరి పుట్టింటి నుంచి వచ్చింది? మా చార్టులో ఆ గడిలో రెండు పేర్లూ పెన్సిలుతో రాసి పెట్టాను. నా కళ్ళకు శుక్లాల ఆపరేషన్ అయింది, నా చూపు మీద నాకు నమ్మకం లేదు. ఇక్కడ కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు. ఫోన్లో లైటు వేసుకుని ఒక్కొక్కరే రండి. ఇదుగో, ఈ చెవి పక్కన. పక్కవాడు ఏం చదివాడో అడక్కుండా మీకేం కనబడిందో ఈ కాగితం మీద రాయండి.